ఎదురుకాళ్ళ వైద్యం

"అది ఎవరి కాలికి కట్టిన గుడ్డో! తెచ్చి నా మడిచీర పక్కన ఆరేస్తావా?"

వేదవతమ్మ కర్ర ఎత్తి దండెం వైపు చూపించింది. దండెం మీద ఆవిడ మడిచీర ఆరుతోంది. దానికి మూరెడు దూరంలో గోధుమరంగు క్రేప్ బ్యాండేజీ వేలాడుతోంది.

"ఉతికిందే అత్తయ్యా. డెట్టాల్ నీళ్ళల్లో నానబెట్టి మరీ ఉతికాను."

"డెట్టాలు వేస్తే మడవుతుందా?"

"తగల్లేదుగా. మధ్యలో ఇంత జాగా ఉంది."

"గాలికి ఎగిరి తగలదూ?"

"రెండు క్లిప్పులు పెట్టాను. ఎగరదు."

"క్లిప్పులు పెట్టావని గాలికి చెప్పావా?"

వాగ్దేవి క్లిప్పులు తీసి, బ్యాండేజీ తీసుకెళ్ళి పెరటి గోడ మీద పరిచి, ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది. తిరిగి వచ్చేసరికి అత్తగారు ఆ చీరని మళ్ళీ బకెట్లో ముంచుతోంది. ఆ రోజు మడివంట గంట ఆలస్యమైంది. దానికి కారణం ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు.

అసలు ఆ బ్యాండేజీ ఇంట్లోకి రావడానికి కారణం కూడా వేదవతమ్మే. కోడలు ఎదురుకాళ్ళతో పుట్టిందని, అంటే తల బదులు కాళ్ళు ముందు బయటపడ్డాయని, అలా పుట్టినవాళ్ళు కాలి బొటనవేలితో మూడుసార్లు తాకితే ఎంతటి బెణుకైనా పోతుందని వీధంతా చాటింది ఆవిడే. తెనాలిలో ఆ నాలుగు వీధుల్లో ఎవరి కాలు మడతపడినా ముందు ఈ గుమ్మం తొక్కుతారు. వాగ్దేవి బాపట్లలో బీఎస్సీ చదివింది. బొటనవేలి మీద ఆవిడకి నమ్మకం లేదు. అయినా అడిగినవాళ్ళని కాదనలేక తాకుతుంది. తాకాక ఊరుకోదు. చీలమండ చుట్టూ చేతి బొటనవేలితో నొక్కి చూస్తుంది. వాపుంటే చింతపండూ ఉప్పూ ఉడికించిన గుజ్జు గోరువెచ్చగా పట్టు వేసి, పైన క్రేప్ బ్యాండేజీ కట్టి, రెండు రోజులు కాలు కింద పెట్టొద్దంటుంది. తగ్గితే ఆ పేరు ఎదురుకాళ్ళకే పోతుంది. దానికి ఆవిడకి బాధ లేదు. నొక్కి చూడగానే ఇది బెణుకో కాదో తన వేలికి తెలిసిపోతుందన్న ధీమా మాత్రం లోపల ఉంది.

ఆ గురువారం సాయంత్రం టైలరు రాజమ్మ కూతుర్ని తీసుకొచ్చింది. రాజమ్మది వీధి చివరిల్లు, ముందు గదిలోనే మిషను. కూతురు తేజస్వి ఏడో తరగతి. యూనిఫాం ఇంకా విప్పలేదు. గోడ పట్టుకుని, కుడికాలి వేళ్ళు లోపలికి తిప్పి నడుస్తోంది.

"మళ్ళీనా?" అంది వాగ్దేవి.

"మళ్ళీనే అక్కగారూ. నెలన్నరలో మూడోసారి. మీరు తాకితే మూడు రోజులు బానే ఉంటుంది, నాలుగో రోజు మొదలు."

తేజస్విని వసారాలో బల్ల మీద కూర్చోబెట్టారు. వాగ్దేవి కాళ్ళు కడుక్కుని వచ్చి, ఎడమకాలి బొటనవేలితో ఆ పిల్ల చీలమండని మూడుసార్లు తాకింది. లోపల్నుంచి వేదవతమ్మ గుమ్మం దాకా వచ్చి, ఎప్పుడూ చెప్పే మాట చెప్పింది.

"మూడు రోజులు నొప్పి అన్నమాట నోట రాకూడదు. ఎవరడిగినా సరే. అన్నావో, తిరగబెడుతుంది."

పిల్ల తల ఊపింది.

వాగ్దేవి పీట వాల్చుకుని, ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. బయటి వైపు ఎముక కింద బొటనవేలితో నొక్కింది. బెణికిన పిల్లలు అక్కడ నొక్కితే ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. తేజస్వి గోడ మీద క్యాలెండరు చూస్తోంది. పాదాన్ని లోపలికి వంచింది. ఏమీ లేదు. రెండు చీలమండల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. వాపు కూడా లేదు.

"ఎలా పడ్డావు?"

తేజస్వి చూపు క్యాలెండరు మీదే ఉంది.

"మాట్లాడవే. అక్కగారు అడుగుతున్నారుగా," అంది రాజమ్మ. "ఇంట్లోనూ ఇంతే అక్కగారూ. కంచం ముందు పెడితే తోసేస్తుంది. పడుకోదు, నన్ను పడుకోనివ్వదు. మొన్న తమ్ముడి రంగు పెన్సిళ్ళన్నీ విరిచి కుప్ప పోసింది. బళ్ళో చూస్తే రోజూ కంప్లయింటే."

వాగ్దేవి పాదాన్ని కిందికి దించబోతూ కాస్త బయటికి తిప్పింది. తేజస్వి ఒక్కసారి కాలు లాక్కుని, బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

వాగ్దేవి నవ్వింది. "నొక్కినప్పుడు లేని నొప్పి వదిలేస్తే వచ్చిందే!"

రాజమ్మ నవ్వలేదు. కూతురి మొహంలోకి చూసింది. పట్టు వెయ్యరా అని అడిగితే, "దీనికి అక్కర్లేదులే," అంది వాగ్దేవి. వైద్యానికి వచ్చిన ఇంట్లో వెళ్ళొస్తామని చెప్పకూడదు కాబట్టి తల్లీ కూతుళ్ళు ఏమీ అనకుండా మెట్లు దిగారు.

మర్నాడు పొద్దున వాగ్దేవి పెసరట్టు తిరగేస్తుంటే భర్త భరద్వాజ అడిగాడు. అతను బోసు రోడ్డు వెనక ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు సెక్షన్ ఇన్‌ఛార్జి. ఆరువందల మంది పిల్లలు, పద్దెనిమిది మంది టీచర్లు, అందరి తగువులూ అతని బల్ల దగ్గరికే వస్తాయి.

"నిన్న రాజమ్మ కూతుర్ని తెచ్చిందటగా. నిజంగా బెణుకేనా?"

"ఏం?"

"పీఈటీ గోల. మార్చ్‌పాస్ట్ ప్రాక్టీసు ఉన్నప్పుడల్లా కాలంటోందిట. క్లాసులో పక్కపిల్ల మీద జామెట్రీ బాక్సు విసిరింది. కారణం అడిగితే చెప్పదు. ఇంగ్లీషు మేడంగారి నోట్సు చింపేసింది. ఏదో ఒకటి చెయ్యమని అందరూ నా మీద పడుతున్నారు."

అట్టు అంచు మాడుతోంది. వాగ్దేవి అట్లకాడ దూర్చి పైకి లేపింది.

"నాకైతే ఏమీ కనపడలేదు," అంది. "వాపూ లేదు, నొక్కితే నొప్పీ లేదు."

"మరి నాటకమేగా?"

"అల్లం పచ్చడి వెయ్యనా?" అంది వాగ్దేవి. అవునని అనలేదు. కాదనీ అనలేదు.

సాయంత్రం కూతురు శరణ్య బడినుంచి వచ్చి, సాక్సు విప్పి ఒకటి ఇటూ ఒకటి అటూ పడేసింది. తొమ్మిదో తరగతి, తండ్రి స్కూలే. రోజూ రాగానే సగం దినం కబుర్లు గడపలోనే చెప్పేస్తుంది. ఆ రోజు పాలు తాగి, గ్లాసు కడిగి బోర్లించేదాకా ఏమీ చెప్పలేదు.

"ఏమైందే?"

"ఏం లేదు."

"గ్లాసు కడిగావంటే ఏదో అయిందన్నమాట."

"నాన్న అసెంబ్లీలో తేజస్విని స్టేజీ మీదికి పిలిచారు," అంది శరణ్య. "మైకులో చెప్పారు. 'మా ఇంట్లోనే చూశారు, మా ఆవిడ చేతికి దొరికితే బెణుకు దాక్కోదు, ఈ అమ్మాయి కాలికి ఏమీ లేదు' అని. తర్వాత మైకు దాని దగ్గర పెట్టి, 'నిజంగా నొప్పిగా ఉందా తల్లీ? ఉంటే ఉందని చెప్పు, వదిలేస్తాను' అన్నారు. మంచిగానే అడిగారమ్మా, కోప్పడలేదు. అది నోరెత్తలేదు. రెండుసార్లు అడిగారు. ఊరికే నిలబడింది. దాంతో పీఈటీ సార్ గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టించారు. కుంటుతూ పరిగెత్తుతుంటే అందరూ 'ఆస్కార్, ఆస్కార్' అని ఒకటే అరుపులు."

"నువ్వు?"

శరణ్య సాక్సులు ఏరుకుంది.

"నాలుగో రౌండు అయ్యాక నీళ్ళివ్వబోయిన అమ్మాయి చెయ్యి కొరికిందిట. రక్తం వచ్చింది. రాజమ్మాంటీని పిలిపించారు."

వాగ్దేవి స్టవ్ కట్టేసింది. "ఏ కాలు కుంటింది?"

"కుడికాలే. ఎప్పుడూ కుంటేదే."

"ఎప్పుడూ అంటే?"

"ఎప్పుడూ. మా క్లాసు కిటికీలోంచి బాత్రూముల దారి కనపడుతుంది. దానికి చాలా రోజుల్నుంచి అదే నడక."

"ఎవరూ చూడనప్పుడు కూడా కుంటుతుందా?"

"ఎవరున్నారు అక్కడ చూడ్డానికి? నేను చూస్తున్నట్టు దానికేం తెలుసు?" అంది శరణ్య. అని, తనే ఆగిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర భరద్వాజ ఆ సంగతి ఎత్తలేదు. ఆమె ఎత్తింది. "నా పేరు ఎందుకు చెప్పారు మైకులో?" అంటే, "నీ పేరు చెప్పలేదే. మా ఆవిడ అన్నాను," అన్నాడు. తర్వాత కాస్త తగ్గి, "పిల్లలకి ఒక ఆధారం చూపించాలి కదా వాగ్దేవీ. నువ్వు చెప్పకపోతే నేను అనేవాణ్ణి కాదు," అన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి ఆమె మజ్జిగ కలుపుకుంది.

శనివారం పొద్దున ఇస్త్రీ ముత్తయ్య గుమ్మంలో ఒక ప్లాస్టిక్ సంచి పెట్టాడు.

"రాజమ్మ ఇమ్మందండి. కుట్టే తీరిక లేదంట."

సంచిలో వాగ్దేవి వారం కిందట ఇచ్చిన మూడు రవికల గుడ్డలు. కత్తెర పడలేదు. కొలత రవిక పైన, దాని మడతల్లో కొలతలు రాసుకున్న చీటీ. చీటీ కూడా తిరిగొచ్చింది.

వాగ్దేవి పొయ్యి మీద పప్పు దించి, చెప్పులేసుకుని వీధి చివరికి వెళ్ళింది. రాజమ్మ మిషను మీద ఉంది. తలెత్తి చూసింది, కాలు ఆపలేదు.

"రండి మేడంగారూ."

పన్నెండేళ్ళ పరిచయంలో ఆ పిలుపు అదే మొదటిసారి.

"తేజస్వి ఏది?"

"పొద్దున బండికి రేపల్లె పంపించేశానండి, మా నాన్న దగ్గరికి. మా అన్నయ్య వచ్చి తీసికెళ్ళాడు. సోమవారం టీసీ తీసుకుంటా. ప్రవర్తన మారితేగానీ క్లాసులోకి రానివ్వం అని సార్‌గారు చెప్పారు. అది మారేదేంటి? మీకు ఇబ్బంది, నాకూ ఇబ్బంది. అక్కడే ఏదో బళ్ళో పడేస్తా."

"కాలు ఎలా ఉంది?"

మిషను ఆగింది.

"కాలుకేం? ఏమీ లేదని మీరే అన్నారుగా." రాజమ్మ పక్కనున్న బట్టల కుప్పలోంచి చెక్క స్కేలు తీసింది. అడుగున్నర ఉంది. ఒక చివర విరిగిన పేళ్ళు. "మీరన్నారని కొట్టాను. వాగ్దేవమ్మగారు అబద్ధం చెబుతారా, సార్‌గారు అబద్ధం చెబుతారా, నువ్వొక్కదానివే నిజమా అని కొట్టాను. ఎంతకీ ఏడవదు. ఏడవడం లేదని ఇంకా కొట్టాను. విరిగింది. ఇప్పుడు ఈ ముక్కతోనే కొలుచుకుంటున్నా, రెండేసిసార్లు పెట్టి."

ఆమె స్కేలుని గుడ్డ మీద పెట్టి సుద్దతో గీత గీసింది. గీత వంకర పోయింది. చెరిపి మళ్ళీ గీసింది.

వాగ్దేవి గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమని రాజమ్మ అనలేదు.

"రాజమ్మా, ఎవరూ చూడనప్పుడు కూడా కుంటుతోందట ఆ పిల్ల."

"ఎవరన్నారు?"

"మా శరణ్య చూసింది. నెలన్నర నుంచి. నేను ఎక్కడో తప్పు నొక్కాను. నాకు తెలియని చోట ఏదో ఉంది. బాపట్లలో మా అక్క కూతురు సాహితి ఫిజియోథెరపీ చేస్తుంది. వాళ్ళ క్లినిక్ ఆదివారం కూడా పన్నెండు దాకా ఉంటుంది. రేపు పొద్దున బండికి రేపల్లె వెళ్దాం, పిల్లని తీసుకుని అక్కణ్ణుంచి బస్సులో బాపట్ల వెళ్దాం."

"ఇప్పుడెందుకండీ ఇవన్నీ?"

"నా మాట విని కొట్టావు. ఇంకొక్కసారి నా మాట విను."

రాజమ్మ స్కేలు ముక్కని తిరిగి బట్టల కుప్పలోకి దూర్చింది. "ఎన్నింటికి బండి?" అంది.

రేపల్లెలో రైలు దిగేసరికి ఎండ ఇంకా పూర్తిగా ఎక్కలేదు. రాజమ్మ తండ్రి హనుమయ్యది స్టేషను దాటాక నాలుగు సందుల అవతల పెంకుటిల్లు. ఆయన వాకిట్లో వల విప్పి, తెగిన కళ్ళు అల్లుతున్నాడు. కూతుర్ని చూసి లేచాడు.

"వచ్చినకాణ్ణించి మాతో ఒక్క మాట లేదమ్మా. గేదె దగ్గర కూర్చుంటుంది. దాంతో మాత్రం బాగా మాట్లాడుతోంది."

"ఏం మాట్లాడుతోంది?"

"మేం వెళ్తే ఆపేస్తుందిగా! గేదేమో చెప్పదు."

పాకలో తేజస్వి తలకిందులు చేసిన తట్ట మీద కూర్చుని ఉంది. కుడికాలు ఎదురుగా గడ్డిమోపు మీద ఎత్తి పెట్టుకుంది. అలా పెట్టుకోమని ఎవరూ చెప్పి ఉండరు. వాగ్దేవి ఆ కాలినే చూసింది. మోకాలి కింద స్కేలు వాతలు మూడు, పచ్చబడుతూ ఉన్నాయి.

వాగ్దేవిని చూడగానే ఆ పిల్ల కాలు కిందికి దించేసింది.

చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో కూర్చున్నారు. కిటికీ పక్కన పిల్ల. రాజమ్మ దారిలో జంతికల పొట్లం కొని ఒళ్ళో పెట్టింది. తేజస్వి పొట్లం విప్పి, ఒక్కొక్క జంతికా విరిచి కిటికీలోంచి బయట పడేసింది. రాజమ్మ చెయ్యెత్తింది. వాగ్దేవి వైపు చూసి దించుకుంది.

సాహితికి ముప్ఫై దాటలేదు. పిన్నిని పలకరించి, రాజమ్మకి కుర్చీ చూపించి, తను మాత్రం నేల మీద మఠం వేసుకుని తేజస్వి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పిన్నీ, కాసేపు నువ్వు మాట్లాడకు. అమ్మా, మీరు కూడా." పిల్ల వైపు తిరిగింది. "నేను నీ కాలు ముట్టుకోను. నొప్పి ఎక్కడుందో నువ్వే వేలు పెట్టి చూపించు. ఒక్క వేలే."

తేజస్వి ఆమెనీ, తల్లినీ మార్చి మార్చి చూసింది.

"చెప్పొచ్చా?"

"చెప్పొచ్చా ఏంటే?" అంది రాజమ్మ.

"గురువారం నుంచి మూడు రోజులు అనకూడదుగా. అయిపోయాయా?"

తేజస్వి వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంది. గురువారం, శుక్రవారం, శనివారం.

"నిన్నటితో అయిపోయాయి," అంది తనకి తనే.

"అందుకనేనా, మైకులో సార్‌గారు అడిగితే చెప్పలేదు?" రాజమ్మ గొంతు పైకి లేచింది. "నేను అడిగినప్పుడూ..."

"అంటే తిరగబెడుతుందన్నారుగా మామ్మగారు," అంది తేజస్వి. "మొదటిసారి నాలుగో రోజు అన్నాను. మళ్ళీ తీసుకెళ్ళావు. మళ్ళీ మూడు రోజులు అన్నారు. ఎన్నాళ్ళు అనకుండా ఉంటే పోతుందో నాకు తెలీలేదు."

అని, వంగి, వేలు పెట్టింది. చీలమండ కింద కాదు. పైన, ముందు వైపు, రెండు ఎముకలూ కలిసేచోట.

సాహితి రెండు చేతులతో ఆ పిల్ల పిక్క మధ్యలో అటూ ఇటూ పట్టుకుని, మెల్లిగా దగ్గరికి అదిమింది. అదిమింది పిక్క దగ్గర. తేజస్వి చెయ్యి మాత్రం చీలమండ పైకి పోయింది. సాహితి పాదాన్ని కొద్దిగా, చాలా కొద్దిగా బయటికి తిప్పింది. పిల్ల బల్ల అంచు పట్టుకుంది. అదే పట్టు. గురువారం తన వసారాలో వాగ్దేవి చూసిన పట్టు.

"మామూలుగా బెణికేది కింద," అంది సాహితి. "ఇది పై బెణుకు. రెండు ఎముకల్నీ కట్టి ఉంచే నరంలాంటిది సాగిపోతుంది. దీనికి వాపు పెద్దగా రాదు. కింద నొక్కితే తెలీదు. కాలు కదలకుండా పెడితే ఆరు వారాలు, ఎనిమిది వారాలు. కదిలిస్తే ఎన్నాళ్ళో చెప్పలేం. పిన్నీ, నువ్వు ఎక్కడ నొక్కావు?"

వాగ్దేవి తన కాలి మీదే చూపించింది.

"అక్కడ దీనికేం నొప్పి ఉంటుంది?"

ఎలా తగిలిందని అడిగితే తేజస్వి చెప్పింది. స్కూలు ఆటో వెనక చెక్క మీద నలుగురు కూర్చోవలసిన చోట ఏడుగురు. దిగబోతుంటే కాలు కింద ఆనింది, పైన బ్యాగు ఇరుక్కుని ఒళ్ళు అటు తిరిగిపోయింది. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంది. సాహితి ఇంకొన్ని అడిగింది. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తుంది, అన్నం ఎందుకు వద్దనిపిస్తుంది, జామెట్రీ బాక్సు ఎందుకు విసిరావు. చివరిదానికి మాత్రం వెంటనే జవాబొచ్చింది. "బెంచీ కింద నా కాలు తన్నింది. కావాలని కాదు. కానీ తన్నింది."

పక్క గదిలో ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి చూశారు. ఎముక విరగలేదు. ఆరు వారాలకి గట్టి బూటు, రెండు చంక కర్రలు రాసిచ్చారు. పరుగెత్తించినందువల్ల ఎంత ముదిరిందో రెండు వారాలు పోతేగానీ చెప్పలేమన్నారు. బయటికొచ్చాక సాహితి పిన్నిని పక్కకి పిలిచింది.

"కాలు తగ్గుతుంది. నిద్ర లేకుండా నెలన్నర నొప్పి పడ్డ పిల్ల కొరకడం, విసరడం పెద్ద వింతేం కాదు. కానీ తన మాట ఎవరూ వినరని ఒకసారి అనుకుందంటే, అది కట్టు కట్టి మాన్పేది కాదు. గుంటూరులో పిల్లల మనసు చూసే డాక్టరున్నారు, చీటీ రాసిస్తాను. కాలు చూపించడానికి రెండు వారాలకి మళ్ళీ ఇక్కడికి రమ్మను."

బస్టాండులో రాజమ్మ టిక్కెట్ల కోసం వెళ్ళింది. తేజస్వి కర్రలు రెండూ చంకల్లో పెట్టుకుని, వాటి ఎత్తు చూసుకుంటోంది. వాగ్దేవి ఆమె పక్కన నిలబడింది. పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న మాట అంది.

"తప్పు నాదమ్మా. నీకు నొప్పి లేదని చెప్పింది నేను. నొప్పి ఉంది."

తేజస్వి తలెత్తింది. కోపంగా ఏమీ లేదు. అర్థంకానట్టు చూసింది.

"నాకెందుకు చెప్తున్నారండీ? ఉందని నాకు తెలుసుగా."

కర్రలు ముందుకి వేసి, వాటి మీద బరువు ఆన్చి, ఒక్క అడుగు వేసి చూసుకుంది.

ఆ సాయంత్రం ఏడున్నరకి భోజనాలు వడ్డించింది వాగ్దేవి. వంకాయ కారం పెట్టిన కూర, చారు. వేదవతమ్మ రాత్రిపూట అన్నం తినదు, ఆవిడ ముందు రెండు అరటిపళ్ళూ గ్లాసుడు పాలూ. బాపట్లలో జరిగింది వరసగా చెప్పింది. ఏదీ పెంచలేదు, ఏదీ దాచలేదు. 'అయిపోయాయా?' అని పిల్ల అడిగిన చోటికి వచ్చేసరికి భరద్వాజ అన్నం కలపడం మానేశాడు.

"అందుకా మాట్లాడలేదు," అన్నాడు.

"అనకూడదన్నది మా అత్తగారి నాటి నుంచీ ఉన్న మాట," అంది వేదవతమ్మ. "నేను కల్పించింది కాదు."

"కల్పించారని అనలేదు అత్తయ్యా. ఆ పిల్ల దాన్ని నిలబెట్టింది. మనింట్లో చెప్పిన మాటకి అంత విలువ ఇచ్చినవాళ్ళు ఇంతవరకు లేరు."

ఆవిడ అరటిపండు తొక్క సగం వొలిచి అలాగే పట్టుకుంది.

"సరే, టీసీ ఇవ్వను," అన్నాడు భరద్వాజ. "రేపు రాజమ్మకి ఫోన్ చేస్తాను. ఆరు వారాలూ ఏడో క్లాసుని కింద గదిలోకి మారుస్తాను. పీఈటీతో నేను మాట్లాడతాను. సరిపోతుందిగా?"

"అవన్నీ చెయ్యండి," అంది వాగ్దేవి. చారు పోసింది. "రేపు అసెంబ్లీకి నేను వస్తున్నాను. అదే మైకులో నేను మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు?"

"మూడు ముక్కలే. బస్సులో రాసుకున్నాను. 'తేజస్వి కాలినొప్పి నిజం. లేదని చెప్పింది నేను. నేను డాక్టర్ని కాను.'"

"వాగ్దేవీ, అక్కడ ఆరువందల మంది పిల్లలు. ఇన్‌ఛార్జి అన్న మాట తప్పని వాళ్ళ ముందే తేలితే, మర్నాటి నుంచి నా మాట ఎవడు వింటాడు?"

"మీ గురించి నేనేమీ అనను. పక్కన నిలబడితే ఇద్దరం చెప్పినట్టుంటుంది. నిలబడకపోతే నేనొక్కదాన్నే చెప్పినట్టుంటుంది."

"మరి రేపటి నుంచి ఈ గుమ్మంలోకి వచ్చేవాళ్ళకి నేనేం చెప్పను?" అంది వేదవతమ్మ.

"వాగ్దేవి మానేసిందని చెప్పండి. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళమనండి."

శరణ్య అన్నం మధ్యలో వేలితో గీతలు గీస్తోంది.

"అమ్మా, రేపు తేజస్వి రాదుగా. రాజమ్మాంటీ ఇంకా పంపనందిగా. అది లేకుండా ఎవరికి చెప్తావు?"

"నవ్వినవాళ్ళు ఉంటారు," అంది వాగ్దేవి.

శరణ్య చెయ్యి ఆగింది. తల దించుకుని, కంచంలో చెదిరిన మెతుకులు ఒక్కొక్కటే దగ్గరికి లాక్కుంది.

"ఎనిమిదింపావుకి బయల్దేరతాను," అంది వాగ్దేవి. "ఎవరికి మజ్జిగ కావాలి?"